విరిగిన కొమ్ము

నవ్వనని మాటిస్తే ఒక సంగతి చెబుతాను. కిందటేడు నా నవల పద్దెనిమిదో ప్రకరణం దగ్గర రెండు నెలలు ఆగిపోయింది. ఆగిపోవడం రచయిత్రులకు కొత్తేమీ కాదనుకోండి. చుట్టాలు దిగడం, ఇంట్లో ఎవరికో జ్వరం తగలడం, ఇవేవీ లేకపోతే బుర్రలోనే ఏమీ లేకపోవడం... కారణాలకేం కరువు? కాని నా నవల ఆగింది వీటిలో దేనివల్లా కాదు. కొమ్ము విరగడం వల్ల ఆగింది. ఎద్దు కొమ్ము కాదండీ. చిన్నప్పుడు పలక మీద దిద్దాం చూడండి, లకు కొమ్మిస్తే లు, ఆ కొమ్ము.

నేను బి.ఎ. చదివినదాన్ని. చరిత్ర, రాజనీతి, తెలుగు. యంత్రాల విషయానికొస్తే, మిక్సీ తిరగనప్పుడు ప్లగ్గు పీకి మళ్లీ పెట్టడం వరకే నా విద్య. చాలా ఏళ్లు కాగితం మీదే రాశాను. పత్రికలవాళ్లు టైపు చేసి పంపమనడం మొదలుపెట్టాక తప్పలేదు. మా అమ్మాయి బాసర ట్రిపుల్ ఐటీలో చదివే రోజుల్లో, మావారు పక్కన పడేసిన పాత కంప్యూటరు మీద లినక్సు ఎక్కించి నా బల్ల మీద పెట్టింది. "ఇది పైసలు పెట్టి కొనేది కాదమ్మా, పాతదాని మీద గూడ మంచిగ నడుస్తది" అంది. రాసుకోవడానికి పోతన, వేమన అని రెండు అక్షరాల వరుసలు కూడా పెట్టింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు తయారుచేసి లోకానికి ఉచితంగా ఇచ్చేశారట వాటిని. కాణీ ఖర్చు లేకుండా పోతన అక్షరాలు చేతికొచ్చాయంటే నాకంటే అదృష్టవంతురాలు ఎవరు!

ఆ అదృష్టం నా కొత్త నవలతో ముగిసింది. నవల పేరు 'ఏరు దాటిన ఇల్లు'. కంప్యూటరులో ఆ పేరుతోనే దాచుకున్నాను. మొదట్లో బాగానే ఉండేది. ఒకరోజు లినక్సుకు కొత్త మార్పులేవో వచ్చాయంటే "సరే" అని నొక్కాను. అంతే. ఆనాటి నుంచి నవల తెరవగానే తెర అడుగున ఉండే పట్టీ మాయమయ్యేది. గడియారం, తెరిచిన కిటికీల పేర్లు, తెలుగుకూ ఇంగ్లీషుకూ మార్చుకునే మీట, అన్నీ ఆ పట్టీ మీదే ఉంటాయి. ఒక్క క్షణం పోయి మళ్లీ వచ్చేది. వచ్చి మళ్లీ పోయేది. దోబూచులాడే పసిపిల్లలా ఉండేది దాని వరస. నాలుగుసార్లు అలా ఆడి అయిదోసారి తిరిగి రావడమే మానేసేది. మీట పోతే తెలుగు పోయినట్టే. నాయిక ఏటి ఒడ్డున నిలబడి ఏడవబోతుంటే నా తెరమీద ఇంగ్లీషు అక్షరాలు పడేవి.

విచిత్రం ఏమిటంటే, నా చిన్న వ్యాసాలు తెరిస్తే ఏమీ అయ్యేది కాదు. ఉత్తరాలు తెరిస్తే ఏమీ అయ్యేది కాదు. నవల తెరిస్తేనే.

"ఆ పేరు అచ్చిరాలేదు. నవల-2 అని పెట్టుకో, ఇంగ్లీషుల. పుస్తకం అచ్చయినప్పుడు నీ పేరు పెట్టుకుందువు" అన్నారు మావారు.

పేరు మారిస్తే నిజంగానే రోగం కుదిరింది. అయినా నాకు మనసొప్పలేదు. మాకు పెన్‌గంగ అవతల మహారాష్ట్ర వైపు పెళ్లిలో పిల్లకు పేరు మార్చే అలవాటు ఉంది. పుట్టినప్పుడు పెట్టిన పేరు పుట్టింట్లోనే వదిలి వెళ్లే ఆ పెళ్లికూతుళ్లను చూసినప్పుడల్లా నాకు ఏదోలా ఉండేది. నా నవలకు నేనే ఆ పని చేస్తానా? పంతానికి పోయి మళ్లీ పాత పేరే పెట్టాను. పట్టీ మళ్లీ పోయింది. నవల ఆగింది.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి వచ్చింది.

ఆషాఢం వచ్చింది కనుక కూతురు పుట్టింటికి వచ్చిందని మీరనుకోవచ్చు. వీధిలో వాళ్లూ మొదట అలాగే అనుకున్నారు. కాని ఆషాఢానికి రావడం కొత్త కోడలికి గాని, పెళ్లయి ఏడాదిన్నర దాటిన పిల్లకు కాదు కదా. పైగా ఒక్క సంచీతో వచ్చింది. రాత్రీ పగలూ వదలని తన ల్యాప్‌టాపు అత్తవారింట్లోనే వదిలేసి వచ్చింది. అది చూసి నా గుండె గుభేలుమంది. ఏమైందే అంటే "ఏం కాలేదమ్మా" అంది. ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. పక్కింటి వదిన అడిగితే పిల్లకు ఒంట్లో బాగాలేదన్నాను. "అట్లనా! విశేషమా ఏంది?" అని ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకో నాలుగు ఆడాల్సి వచ్చింది. నవలలు రాసే నాకే కథలు అయిపోయాయి.

నేను రోజూ అడిగేదాన్ని. అల్లుడు ఏమన్నాడు? అత్తగారు ఏమన్నారు? చివరిసారి గొడవ దేని గురించి? ఆ పిల్ల ఏమీ చెప్పేది కాదు. జొన్నరొట్టె విరిచి పప్పులో ముంచుకుని, ముంచినది అలాగే పట్టుకుని కిటికీలోంచి వాన చూస్తూ కూర్చునేది. ఎప్పుడూ ఏడవలేదు. ఏడవడం లేదు కదా, ఏదో చిన్న అలకే అయి ఉంటుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఒక సాయంత్రం నేను కంప్యూటరును తిట్టుకుంటుంటే వెనకాల నిలబడి చూసింది. వచ్చిన ఇన్నాళ్లకు మొదటిసారి దాని కళ్లలో ప్రాణం కనిపించింది. "జరుగమ్మా. ఇంకోసారి తెరువు. మళ్ల తెరువు" అంది. ముచ్చటగా మూడుసార్లు పట్టీ కూలిపోవడం చూసి, "దీన్ని పడతా నేను" అని చీర కుర్చీ లాక్కుంది. చీర కుర్చీ అంటే ఏమిటనకండి. ఇస్త్రీ చేయాల్సిన చీరలు కుప్పపోసే కుర్చీ. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

అప్పుడు చెప్పింది లినక్సు సంసారం గురించి. మనం చూసే తెర ఒక్క ముక్క కాదట. అడుగు పట్టీ ఒక ప్రోగ్రాము, కిటికీలకు చట్రాలు బిగించేది ఒకటి, దస్త్రాలు చూపించేది ఇంకొకటి, వెనకాల బొమ్మ పరిచేది మరొకటి. అంతా కలిసి ఒక ఉమ్మడి కుటుంబం. అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. కె.డి.ఇ. అనేది 1996లోనూ గ్నోమ్ అనేది 1997లోనూ మొదలయ్యాయి. అన్నిటికీ అడుగున ఉండే లినక్సును 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే కాలేజీ కుర్రాడు మొదలుపెట్టాడు. ఇవన్నీ ఎలా కట్టారో ఆ రాత మొత్తం ఎవరైనా చదువుకోవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు దీన్ని తెలుగులో అందించాలని పూనుకోగలిగింది కూడా అందుకేనట. "కొన్న వస్తువైతే దుకాణంవాణ్ని అడుక్కోవాలె. ఇదైతే మనమే విప్పి చూసుకోవచ్చు" అంది.

విప్పి చూడటానికి ఒక పనిముట్టు ఉంది. ఐ.డి.ఇ. అంటారు. కెడెవలప్, గ్నోమ్ బిల్డర్, క్యూటి క్రియేటర్ ఇలా చాలా రకాలున్నాయి. మా అమ్మాయి కెడెవలప్ తీసుకుంది. చూస్తే నాకు మంచి వంటిల్లు గుర్తొచ్చింది. కూర్చున్నచోటి నుంచి లేవకుండా అన్నీ చేతికందుతాయి. ఒక పక్క ప్రోగ్రాము అధ్యాయాల పట్టిక, మధ్యలో రాత, కింద ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు ఏ డబ్బాలో ఏముందో చూపించే వరస. లోపల అసలు తనిఖీ చేసేది జి.డి.బి. అని ఇంకొకరు. దాన్ని 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాశాడట. కెడెవలప్ దానికి ముందుగది వంటిది.

మొదటి పనేమిటో తెలుసా? పట్టీ ప్రోగ్రామును మళ్లీ మొదటినుంచి కట్టుకోవడం. మామూలుగా మనకు అందేదాంట్లో లోపలి పేర్లన్నీ తీసేసి ఉంటాయట. అది కూలితే ఎక్కడ కూలిందో వట్టి అంకెల్లో చెబుతుంది. పేర్లు ఉంచి కట్టుకుంటే ఫలానా అధ్యాయంలో ఫలానా వరసలో అని చెబుతుంది. పేర్లు తీసేస్తే ఎవరి బాధ ఎక్కడో తెలియదన్నమాట. ఈ సంగతి మన వీధిలో ఏ కోడలిని అడిగినా చెబుతుంది.

తరువాత 'ఆగు' అనే గుర్తులు పెట్టింది. రాతలో ఒక వరస పక్కన ఎర్ర చుక్క పెడితే, ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ సరిగ్గా అక్కడికి వచ్చి ఆగి నిలబడుతుంది. అప్పుడు దాని డబ్బాలన్నీ మూతలు తీసి చూడవచ్చు. తరువాత ఒక్కొక్క అడుగే వేయించవచ్చు. బాగుంది కదా అనుకున్నాను. మొదటిసారి ఆపగానే ఇంటిల్లిపాదీ ఆగిపోయింది! పట్టీ మీది జాబితా తెరిచి ఉండగా ఆగింది గనుక బాణం గుర్తు దాని చేతిలో చిక్కుకుపోయింది. కెడెవలప్ కిటికీ మీద ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఎవరిని ఆపామో వాళ్ల చేతిలోనే తాళంచెవి ఉంది. పొయ్యి మీద పాలు పొంగాయి, నేను పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి కంట్రోలు, ఆల్ట్, ఎఫ్ 3 మూడూ కలిపి నొక్కి, నల్లటి వేరే తెర మీదికి పోయి, అక్కడినుంచి దాన్ని విడిపించింది.

"ఇంట్ల కూసొని ఇంటినే ఆపితే గిట్లనే అయితదమ్మా" అంది నవ్వుతూ. దాని నవ్వు విని ఎన్నాళ్లయిందో!

అందుకని ఇంకో ఉపాయం చేసింది. జెఫిర్ అని ఒకటుంది. అది తెరలోపల ఇంకో చిన్న తెర కడుతుంది. ఇంట్లో పిల్లలు కట్టుకునే బొమ్మరిల్లు లాంటిది. ఆ బొమ్మరింట్లో వేరే పట్టీ, వేరే నవల. అక్కడ ఏది ఆగినా, ఏది కూలినా పెద్దిల్లు చెక్కుచెదరదు. బయట కూర్చుని తీరిగ్గా చూసుకోవచ్చు. నాకు మాత్రం ఆ మాట దగ్గర మనసు కొంచెం ఆగింది. మా అమ్మాయి చేసిందీ అదే కదా. ఆ ఇంట్లో ఉండి చూడలేక, బయటికి వచ్చి కూర్చుంది.

ఇంతలో పక్కింటి వదిన పప్పుగిన్నె తిరిగిచ్చే మిషతో వచ్చింది. తల్లీకూతుళ్లం తెరలోకి తలలు దూర్చి ఉంటే ఏమిటని అడిగింది.

"పురుగు పట్టింది చిన్నమ్మా, వెతుకుతున్నం" అంది మా అమ్మాయి.

వదినగారి వాళ్లకు పదెకరాల పత్తి. ఆదిలాబాదు జిల్లాలో పురుగు అనే మాట తేలిగ్గా అనకూడదు. "గులాబి పురుగా? కాయలకు పోయినంక ఏం జేస్తవు బిడ్డా! ముందుగాల్నే సూసుకోవాలె. మందు కొట్టరాదా?" అని నిజంగానే బాధపడింది. లేదు చిన్నమ్మా, కంప్యూటరులో తప్పును ఇంగ్లీషువాళ్లు పురుగనే అంటారని మా అమ్మాయి చెప్పుకొచ్చింది. ఆ మాట ఎడిసన్ కాలంనుంచే ఉందట. కాని నిజం పురుగు దొరికింది మాత్రం 1947 సెప్టెంబరు 9న. అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 అనే గదంత యంత్రం మొరాయిస్తే, విప్పి చూసినవాళ్లకు లోపల ఒక రెక్కల పురుగు చిక్కుకుని కనిపించింది. దాన్ని తీసి, లెక్కల పుస్తకంలో అంటించి, అసలు పురుగు దొరకడం ఇదే మొదలని పక్కన రాసిపెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. ఆ బృందంలో పనిచేసిన గ్రేస్ హోపర్ అనే ఆవిడే ఈ కథ లోకమంతా చెప్పింది. "ఆడామెనా!" అని వదిన సంతోషించి, పాపం, విశేషం సంగతి అడగడం మరిచిపోయి వెళ్లిపోయింది.

రెండో రోజు రాత్రి పది దాటాక పట్టుకుంది. బొమ్మరింట్లో నవల తెరిచింది. పట్టీ కూలింది. కెడెవలప్ కూలిన వరస చూపించింది. నేను సంబరపడి "దొరికింది కదా, దిద్దెయ్!" అన్నాను.

"ఇది పడ్డ చోటమ్మా. తప్పు జరిగిన చోటు కాదు. ఇక్కడ దిద్దితే ఇంకోచోట పడతది" అంది.

కూలిన వరస పక్కనే ఒక జాబితా ఉంది. ఈ పని చేయమని దీన్ని ఎవరు పిలిచారు, వాళ్లను ఎవరు పిలిచారు, ఆ పైవాళ్లను ఎవరు... వంశవృక్షంలా పైకి పోతుంది. మా అమ్మాయి ఒక్కొక్క మెట్టే ఎక్కి అక్కడి డబ్బాలు తెరిచి చూసింది. పడిన చోట డబ్బా ఖాళీ. లేని మాటను ఉందనుకుని దాని పొడవు కొలవబోయి పడింది. ఎందుకు ఖాళీ? దానికి పై మెట్టులో అక్షరాలను సవరించే పనివాడు, విరిగిన అక్షరం చూసి ఇది నావల్ల కాదని ఖాళీ చేతులు చూపించాడు. అక్షరం ఎందుకు విరిగింది? ఇంకో మెట్టు పైకి ఎక్కితే అక్కడుంది కత్తెర. కిటికీ పేరు ఎంత పొడుగున్నా సరే, 40 దగ్గర కత్తిరించు.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, లెక్క చాలా చిన్నది. కంప్యూటరు అక్షరాలను గదుల్లో దాచుకుంటుంది. ఆ గదిని బైటు అంటారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క గది చాలు. మన తెలుగు అక్షరానికి మూడు గదులు కావాలి. అక్షరమంటే గుణింతాలూ ఒత్తులూ కూడా విడివిడిగానే లెక్క. లకు మూడు, కొమ్ముకు మూడు. ఈ గదుల పద్ధతిని 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనానికి కూర్చుని, పళ్లెం కింద పరిచే కాగితం మీద రాసుకున్నారట. ఇడ్లీ పొట్లం కాగితం మీద నేనూ కథలు మొదలుపెట్టాను గాని లోకం వాటిమీద నడవడం లేదు.

'ఏరు దాటిన ఇల్లు'. వేళ్లమీద లెక్కపెట్టి చూడండి. ఏరు అంటే మూడు గుర్తులు, 9 గదులు. మధ్యన ఖాళీకి ఒకటి, 10. దాటిన అంటే అయిదు గుర్తులు, 25. ఇంకో ఖాళీ, 26. ఇల్లు అంటే ఇ, ల, పొల్లు, ల, కొమ్ము, అయిదు గుర్తులకు 15. మొత్తం 41. కత్తెర 40 దగ్గర పడింది. చివరి కొమ్ముకు ఉన్న మూడు గదుల్లో రెండు ఇటు, ఒకటి అటు. ఇల్లు కొమ్ము విరిగింది!

చిన్న వ్యాసాల పేర్లు 40 గదుల లోపలే అయిపోయేవి. వాటి వెనక వచ్చే ఇంగ్లీషు ముక్క ఎక్కడ తెగినా దానికి దెబ్బ తగిలేది కాదు. అందుకే నవలకే ఈ గ్రహచారం. రాసినవాడు దుర్మార్గుడు కాదు. పట్టీ మీద చోటు తక్కువ కదా, ఇరుకు కాకుండా సర్దుదామనుకున్నాడు. తన భాషలో ఒక అక్షరానికి ఒక గది గనుక అందరికీ అంతేననుకున్నాడు.

ఇలాంటివి పెద్దవాళ్ల ఇళ్లలోనూ జరిగాయట. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరాన్ని, మధ్యలో కనిపించని గుర్తొకటి కలిపి, ఒక పద్ధతిలో రాస్తే ఆపిల్ ఫోన్లు కూలిపోయేవి. అదే నెలలో ఆ కంపెనీ సవరణ విడుదల చేసింది. జ్ఞానానికి తట్టుకోలేకపోయాయి కాబోలు!

మా అమ్మాయి అరగంటలో దిద్దింది. 40 గదుల దగ్గరే కత్తిరించు, కాని సగంలో తెగిన అక్షరాన్ని వదిలెయ్ అని. మళ్లీ నవల తెరిచింది. పట్టీ కూలలేదు. చేతులు రెండూ పైకెత్తి ఒళ్లు విరుచుకుంది.

నేను కళ్లజోడు సవరించుకుని చూశాను. పట్టీ మీద 'ఏరు దాటిన ఇల్ల' అని ఉంది.

"ఇల్ల ఏమిటే?" అన్నాను.

"కూలుతలేదు కదమ్మా!"

"కూలకపోతే బాగున్నట్టేనా? లకు కొమ్ము తీసేస్తే అది మాటేనా? గుణింతాన్నీ హల్లునూ విడదీయకూడదే. ఉంచితే రెండూ ఉంచు, తీస్తే రెండూ తీసెయ్. మా పంతులుగారైతే తొడపాశం పెట్టేవారు."

నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. "నీకే తెలిసిందే అమ్మా ఇది. నాకు తోచనే లేదు" అంది. తరువాత తెర వైపు తిరిగి, మెల్లగా, "కూలకపోతే బాగున్నట్టేనా... అవును" అంది.

అప్పుడు తగిలింది నాకు. ఏడవడం లేదు కదా అని నేను రెండు నెలలుగా నాకు చెప్పుకున్నదేమిటి?

పడ్డచోటు వేరు, తెగినచోటు వేరు అని ఆ పిల్ల ఇంతకుముందే నాకు వేలుపెట్టి చూపించింది. నేను రోజూ అడిగింది పడ్డచోటు గురించి. చివరి గొడవ ఏమిటి, ఎవరేమన్నారు? ఒక్కొక్క మెట్టే పైకెక్కి చూసుకుంటే కత్తెర ఎవరి చేతిలో ఉందో నాకే కనిపించింది. పెళ్లి నిశ్చయమయ్యాక ఒక మధ్యాహ్నం. నేను చేటలో బియ్యం చెరుగుతున్నాను. ఇది వచ్చి గుమ్మంలో నిలబడి, "అమ్మా, వాళ్లు నౌకరి ఇడిసిపెట్టమంటున్నరు. నాకైతే..." అంది. "అన్నీ మంచిగనే ఉన్నయి గదే, సర్దుకుపో బిడ్డా" అన్నాను. చేట ఆపలేదు. తల ఎత్తలేదు. 'నాకైతే' తరువాత ఏముందో నేను వినలేదు. ఇరుకు కాకుండా సర్దుదామనుకున్నాను. నా కాలంలో ఒక ఆడపిల్లకు ఒక గది చాలేది గనుక అందరికీ అంతేననుకున్నాను.

"ఆ రోజు నేను బియ్యం చెరుగుతున్నప్పుడు నువ్వేదో అనబోయినవ్. నాకైతే అని..." అన్నాను. గొంతు సరిగా రాలేదు.

"నీకు యాదికుందా?" అంది.

"ఇప్పుడు చెప్పు బిడ్డా."

ఆ రాత్రి అది చెప్పింది. ఒంటిగంట దాటింది. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో, అట్ల కాదే అని, పోనీలే అని, మగవాళ్లకు తెలియదే అని. పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఏం చెప్పిందో మీకు చెప్పను, అది దాని సొంతం. అల్లుడు చెడ్డవాడని మాత్రం చెప్పలేదు. అతనూ వినలేదని చెప్పింది. చెప్పి చెప్పి, చివరికి ఏడ్చింది. నేను ఏడవకే అనలేదు. ఒక్కోసారి కూలడమే నయమనిపించింది.

మర్నాడు తలారా స్నానం చేసి మళ్లీ కూర్చుంది. ఈసారి కత్తెరనే తీసేసింది. ఎంత చోటుందో చూసుకుని, అక్షరం విడదీయకుండా, మిగిలినదానికి మూడు చుక్కలు పెట్టే పనిని తెరమీద అక్షరాలు గీసే పాంగో అనే గ్రంథాలయానికి అప్పజెప్పింది. దానికి ఆ విద్య ముందే తెలుసట, వీళ్లే అడగలేదు. తెలుగుతో సరిపెట్టక, మన జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన గోండి లిపితో కూడా సరిచూసింది. నార్నూరు మండలంలోని ఆ ఊరి పాత రాతప్రతుల్లోని అక్షరాలకు 2018 జూన్‌లో యూనికోడులో చోటు దొరికింది. వాటికి ఒక్కో అక్షరానికి నాలుగేసి గదులు. మూడు గదులవాళ్లకే ఇంత కష్టమైతే నాలుగు గదులవాళ్ల మాట ఏమిటని, గోండు పిల్లలు ఎవరైనా రేపు తమ కథకు తమ లిపిలో పేరు పెట్టుకుంటే కొమ్ములు విరగకూడదని దాని తాపత్రయం.

దిద్దుబాటును ఆ ప్రోగ్రాము చూసుకునేవాళ్లకు పంపింది. వారం తరువాత ఏ దేశంనుంచో జవాబు వచ్చింది. రెండు ప్రశ్నలు అడిగారు, జవాబు చెప్పాక తీసుకున్నారు. మళ్లీ ఇలా జరగకుండా ఒక పరీక్ష కూడా కలపమన్నారట. కొత్త మార్పు ఎవరు చేసినా ముందు ఆ పరీక్ష పాసు కావాలి. ఆ పరీక్షలో మా అమ్మాయి ఏ పేరు రాసిందో చెప్పుకోండి. 'ఏరు దాటిన ఇల్లు'. అచ్చుకాని నా నవల పేరు ఆ ప్రోగ్రాములో శాశ్వతంగా చేరింది. సంపాదకులెవరూ నా పేరును ఇంత తొందరగా ఒప్పుకోలేదు.

బతుకమ్మ నాటికి అల్లుడు వచ్చాడు, ల్యాప్‌టాపు సంచీ భుజాన వేసుకుని. ఇద్దరూ మేడమీద మాట్లాడుకున్నారు. నేను టీ తీసుకుని మెట్లెక్కబోయి, సగంలో ఆగి, కిందికి దిగి వచ్చేశాను. టీ చల్లారిపోయింది, పోనీండి. మా అమ్మాయి మళ్లీ ఉద్యోగంలో చేరింది. మిగతాది ఏమవుతుందో నాకు తెలియదు. తెలియకుండా ఉండటం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

పద్దెనిమిదో ప్రకరణం పూర్తయింది. నాయిక ఏటి ఒడ్డున నిలబడి వాళ్లమ్మకు ఒక మాట చెప్పబోతుంది. మునుపు రాసినప్పుడు తల్లి అడ్డుపడి నాలుగు మంచి మాటలు చెప్పేది. మంచి మాటలే, పత్రికలవాళ్లకు నచ్చేవే. అవి కొట్టేశాను. ఇప్పుడు ఆ తల్లి చేట కింద పెట్టి వింటుంది. తెర అడుగున పట్టీ కదలకుండా ఉంది. అందులో నా ఇల్లు కొమ్ముతో సహా ఉంది.

ఇందాక నవ్వనన్నారు కదా. నవ్వినా ఫరవాలేదు. మీ పిల్ల గుమ్మంలో నిలబడి 'నాకైతే' అంటే మాత్రం చేట ఆపండి.